ఒప్పేసుకో బావా!

అమెరికా జైల్లో ఉన్న మనిషికి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో నిలబడి న్యాయ సలహా ఇచ్చిన మూర్ఖుడెవడని ఎవరైనా వెతుకుతూ ఉంటే, వాళ్ళకు శ్రమ లేకుండా నేనే ముందుకు వచ్చి సంతకం పెడతాను. ఆ పూట నా చేతిలో రెండు కేజీల కానాగంత చేపలున్నాయి. తలలో ఏముందో ఇప్పటికీ తేలలేదు.

నేను వకీలు గుమాస్తాని. వకీలు అన్న మాటలో కీలు నేనే. తలుపు వాళ్ళది, కిర్రుమనే పని నాది. ఇరవై ఆరేళ్ళుగా కిర్రుమంటున్నాను కాబట్టి న్యాయశాస్త్రం కొంత ఒంటికి పట్టిందని నా నమ్మకం. ముఖ్యంగా చిల్లర కేసుల్లో. రోడ్డుకి అడ్డంగా తోపుడుబండి పెట్టినవాళ్ళు, తాగి ఆటో నడిపినవాళ్ళు, బీచిలో గొడవపడ్డవాళ్ళు - వీళ్ళందరినీ శుక్రవారం శుక్రవారం ఒక హెడ్డు కానిస్టేబులు కోర్టుకి తోలుకొస్తాడు. నేను వాళ్ళను వరండాలో వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చెవిలో ఒకటే మాట చెబుతాను: "జడ్జిగారు అడగ్గానే ఒప్పుకుంటన్నానండీ అనాలి. ఇంకో ముక్క మాటాడకూడదు." అందరూ అలాగే అంటారు. జరిమానా కట్టేస్తారు. మధ్యాహ్నం భోజనానికి ఎవరింట్లో వాళ్ళుంటారు. కాదూ కూడదని వాదిస్తే ఆరు నెలలు తిరగాలి. ఈ ఏర్పాటు వల్ల జడ్జిగారికి సుఖం, కానిస్టేబులుకి సుఖం, బండివాడికి ఒక పూట బేరమే నష్టం. తప్పు ఒప్పుకుంటే ఒప్పైపోతుందని నేను నిజంగానే అనుకునేవాణ్ణి.

మా చెల్లెలి కాపురం మల్కాపురంలో. దాని భర్త సరుకుల ఓడలో ఇంజను గదిలో పని చేస్తాడు. ఆయన్ని నేను బావా అంటాను, నన్ను ఆయన బావా అంటాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళ మీదే. అటువంటి మనిషి అమెరికా దక్షిణాన ఏదో రేవులో ఓడ దిగి, పెద్ద కొట్టుకి వెళ్ళి, దొంగతనం కేసులో జైలు పాలయ్యాడని మాకు తెలిసేసరికే నాలుగు రోజులు గడిచాయి. ఓడ ఎవరి కోసమూ ఆగదు కనుక వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఎందుకు పట్టిందంటే, ఆ ఘనత కూడా నాదే. జైలు నుంచి బావ రోజూ మా చెల్లెలికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. కానీ ఆ ఫోనులో ముందు ఒక మిషను మాట్లాడుతుంది. ఇది జైలు నుంచి వస్తున్న కాలు, రికార్డు అవుతుంది, ఒప్పుకుంటే ఐదు నొక్కండి అని ఇంగ్లీషులో చెబుతుంది. అంతకు రెండు నెలల ముందే మా వీధిలో ఒకాయన ఇలాగే ఎవరో నొక్కమన్నది నొక్కి బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. అప్పుడు నేను పనిగట్టుకుని మల్కాపురం వెళ్ళి చెల్లెలికి పాఠం చెప్పాను. తెలీని నంబరు నుంచి ఏ అంకె నొక్కమన్నా నొక్కొద్దు, కట్ చేసెయ్ అని. అది బుద్ధిమంతురాలు. పదకొండు సార్లు కట్ చేసింది. పన్నెండోసారి మిషనుని తిట్టింది కూడా.

చివరికి ఓడ కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి విషయం చెప్పాక అది నా ముందు కూలబడి, "నువ్వే గదా అన్నియ్యా, ఏ అంకీ నొక్కొద్దన్నావు?" అంది. 

ఆ రేవులో నావికులకు సాయం చేసే కేంద్రంలో ఒక ముసలమ్మ ఉంది. ఆవిడ పుణ్యమా అని బావ జైలు ఫోను ఖాతాలో నా నంబరు కూడా చేరింది. శుక్రవారం తెల్లవారి ఆరింటికి, హార్బర్‌లో చేపల వేలంపాట జోరుగా సాగుతుండగా, నా ఫోను మోగింది. ఐదు నొక్కాను. జీవితంలో అంత గట్టిగా దేన్నీ నొక్కలేదు.

"బావా... నానే."

"బావా! ఎలాగున్నావు?"

"ఉన్నాను. ఆ గోలేటి?"

"హార్బర్లో ఉన్నాను. చేపల పాట."

బావ కాసేపు ఆ పాట విన్నాడు. తరవాత, "కానాగంతలొచ్చినాయేటి?" అన్నాడు.

వచ్చాయన్నాను. 

పదిహేను నిమిషాలకి లైను అదే తెగిపోతుందట. అందుకని గబగబా చెప్పాడు. ఓడ నుంచి గుడ్డ సంచీ పట్టుకుని కొట్టుకి వెళ్ళాడు, ఇక్కడ పూర్ణా మార్కెట్‌కి వెళ్ళినట్టు. చాక్లెట్లు, షాంపూ, హాస్టల్లో చదివే కూతురికి చెవిలో పెట్టుకునే ఫోన్లు సంచీలో వేసుకున్నాడు. డబ్బు కట్టడానికి చూస్తే గల్లాపెట్టె దగ్గర మనిషి లేడు. మిషన్లున్నాయి. ఆ మిషను నోటు తీసుకోలేదు. ఎవర్నైనా అడుగుదామని నోట్లు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి వైపు నడిచాడు. ఆ మనిషి కాపలావాడు. అక్కడ నేల మీద ఏదో గీత ఉందట. అది దాటితే దొంగ. బావ దాటాడు. సముద్రాలు దాటిన మనిషికి గీత కనబడలేదు.

"ఇక్కడ అరవై మందిమి ఒకే హాల్లో ఉన్నాం బావా. శిచ్చ పడినోలు తక్కువ. పడద్దా లేదా అని కూకున్నోలే ఎక్కువ. పూచీ ఇచ్చుకోనేక ఏడాది బట్టి ఉన్న ముసిలోడున్నాడు నా కింద మంచం మీద. నాకు పూచీ కూడా లేదంట. ఈ దేశంలో ఇల్లు నేదు గదా."

బెయిలూ లేదు, బయలూ లేదు. సూర్యుణ్ణి చూసి వారమైందన్నాడు.

"గవర్నమెంటు వకీలొచ్చి మూడు నిమిషాలు మాటాడినాడు. మంగళారం కోర్టంట. తీసేనని ఒప్పేసుకుంటే ఇన్నాలు లోపలున్నదే శిచ్చ కింద జమేసేత్తారంట. నేదంటే కేసు నడవాల. ఎన్ని నెల్లో సెప్పనేనన్నాడు. ఏటి సెయ్యమంటావు బావా? నీకు కోర్టులు తెలుసు గదా."

ఆ చివరి వాక్యమే నా కొంప ముంచింది. నేను ఛాతీ పొంగించి, పాట గోల మీదుగా వినబడాలని అరిచాను. "ఒప్పేసుకో బావా! జడ్జి అడగ్గానే ఒప్పుకుంటన్నానండీ అను. ఇంకో ముక్క మాటాడకు. మద్దేనానికి బయటుంటావు!"

పక్కనున్న చేపలామె నా వైపు తిరిగి, "ఆ దరకి నానెందుకు ఒప్పుకుంటాను?" అని గంప మీద చెయ్యి పెట్టుకుంది. బావ ఏదో అనబోయాడు. లైను తెగింది.

ఆ రోజు కోర్టు వరండాలో ఈ సంగతి హెడ్డుకి గర్వంగా చెప్పాను. ఆయన పదిమంది చిల్లర కేసువాళ్ళను వరసలో నిలబెట్టి మీసం సవరించుకుంటున్నాడు.

"బాగా సెప్పినారు గుమాస్తాగారూ. అమెరికా అయితే ఏటి, అనకాపల్లయితే ఏటి, కోర్టు కోర్టే. ఒప్పుకున్నోడికి ఇల్లు, ఒప్పుకోనోడికి వాయిదా."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే సాయంత్రం ఆఫీసులో మా మేడంకి కూడా అదే ముక్క వినిపించాను. మేడం అంటే మా వకీలుగారమ్మాయి. నేను చేరినప్పుడు పరికిణీ కట్టుకుని ఫైళ్ళ మీద బొమ్మలు వేసేది. ఇప్పుడు ఆ ఫైళ్ళు ఆవిడవే. నేను చెప్పేది విని ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మా ఆఫీసులో అది మంచి సూచన కాదు.

"గుమాస్తాగారూ, అది జరిమానా కేసు కాదు, దొంగతనం. ఒప్పుకుంటే శిక్ష పడ్డట్టే. జైలు గేటు దాటకముందే వలస అధికారులు పట్టుకుని ఇంకో జైల్లో పెడతారు. తరవాత ఆ దేశం వీసా జన్మలో ఇవ్వరు. అమెరికా రేవులో దిగలేని మనిషిని ఏ ఓడ కంపెనీ తీసుకుంటుంది?"

నేను బల్ల మీది కళ్ళజోడునే చూస్తున్నాను.

"ఇంతకీ ఆయన దొంగతనం చేశారా?"

"లేదండీ. డబ్బులు చేతిలోనే ఉన్నాయట."

"మరి చేశానని ఎందుకు చెప్పమన్నారు?"

ఇరవై ఆరేళ్ళలో వరండాలో నిలబెట్టిన ఏ ఒక్కరినీ నేను అడగని ప్రశ్న అది. చేశావా, లేదా అని. అడిగితే వరస కదలదు.

జైలుకి మనం ఫోన్ చెయ్యడానికి లేదు. లోపలివాళ్ళు చేస్తేనే. ఈ సంగతి తెలిసినా ఆ నంబరుకి చేశాను. అటు మనిషి కబుర్లు అందించం అని పెట్టేశాడు. గవర్నమెంటు వకీలుకి మేడం మెయిలు పెట్టింది. అందిందని యంత్రం జవాబిచ్చింది, మనిషి ఇవ్వలేదు. ముసలమ్మకు రాశాం. ఆవిడ వెంటనే జవాబిచ్చింది, పాపం. ఆ జైల్లో ఆవిడలాంటివాళ్ళను లోపలికి పంపేది బుధవారమేనట. కోర్టు మంగళవారం. అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. ఆ లోపల బావ తనంతట తాను ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే, నేను నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా జడ్జి ముందు అప్పజెబుతాడు. మా ఇంట్లో నా మాట వినే మనిషి అతనొక్కడే.

శనివారం ఫోను రాలేదు.

చెల్లెలు బట్టలు సర్దుకుని మద్దిలపాలెంలో మా ఇంటికి వచ్చేసింది. సంగతంతా దానికి చెప్పాను, ఒక్కటి తప్ప. ఆ సలహా ఎవరిచ్చారో చెప్పలేదు. "ఎవరో ఒప్పుకోమన్నారట" అన్నాను. గవర్నమెంటు వకీలు మీదకి తోసేశాను. అది నమ్మింది. తులసికోట గట్టు మీద ఫోను పెట్టుకుని కూర్చుంది, పాలవాడి కోసం కూర్చున్నట్టు.

ఆదివారం ఫోను రాలేదు. తెల్లవారి ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఇద్దరం దాన్నే చూశాం. ఒకసారి మోగింది. రుణం కావాలా అని. మా చెల్లెలు ఆ పిల్లని తిట్టిన తిట్టు నేను ఇక్కడ రాయలేను. సోమవారమూ రాలేదు. లోపల ఏదో కొట్లాట జరిగి మూడు రోజులు అందరినీ మంచాల మీదే కూర్చోబెట్టారని మాకు అప్పుడు తెలియదు. తెలిసినా ఏం చేస్తాం? ఆ రోజు మధ్యాహ్నం చెల్లెలు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగింది.

"అన్నియ్యా, ఆయన శుక్రారం నీకు సేసినప్పుడు ఏటి అడిగినారు?"

"అదే... ఏం చెయ్యమంటావని."

"నువ్వేటన్నావు?"

నేను పెరుగు వడ్డించుకున్నాను. చారు కూడా అవకముందే పెరుగు. మా చెల్లెలికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అది ఏడవలేదు, అరవలేదు. కంచం పక్కకి జరిపి, "రేపు గాని ఫోను రాకపోతే, ఆయన ఓడ ఎక్కడం పోయినట్టే గదా?" అంది. అవునన్నాను. "మరి ఆయనకింకేటి పని వచ్చు?" అంది. ఇంజను గదిలో తప్ప బావ ఎక్కడా పని చేయలేదు. గట్టు మీద రెండు నెలలుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయనే మనిషి.

మంగళవారం తెల్లవారి ఐదు నలభైకి ఫోను మోగింది. నేను అప్పుడే మొహం కడుక్కుని వస్తున్నాను. మిషను తన పురాణం మొదలెట్టింది. ఐదు నొక్కాను. పలకలేదు. మళ్ళీ నొక్కాను. తడి వేలికి ఆ అద్దం పలకదు. చొక్కాకి తుడుచుకుందామంటే ఒంటి మీద చొక్కా లేదు. మిషను రెండోసారి చెప్పి, మూడోసారి చెప్పడం మొదలెట్టింది. మూడోసారి తరవాత కట్ అయిపోతుంది. చెల్లెలు ఫోను నా చేతిలోంచి లాక్కుని, పమిట చెంగుతో తుడిచి, తనే నొక్కింది. పదకొండు సార్లు నొక్కని చెయ్యి. ఫోను మళ్ళీ నా చెవికి పెట్టింది.

"బావా!"

"బావా, రెండు నిమిషాలే. ఇప్పుడే తాళాలు తీసినారు. ఎనకాల నలబై మందున్నారు. మనిసికి రెండు నిమిషాలని మాలో మాం పెట్టుకున్నాం."

"బావా, నేను చెప్పింది తప్పు. ఒప్పుకోకు."

అటు వెనక ఎవరో దగ్గుతున్నారు.

"అదేటి బావా? నువ్వే గదా..."

"నేనే. బుద్ధి లేక చెప్పాను. ఒప్పుకుంటే నీకు మళ్ళీ ఓడ ఉండదు."

"ఒప్పుకోకపోతే ఎన్ని నెల్లు ఇక్కడ?"

"తెలీదు."

"బావా, ఇక్కడ లైటు ఆర్పరు. నాను ఉండనేను."

 ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నా నోట్లో చట్టం లేదు. మేడం అడిగిన ప్రశ్నే అడిగాను.

"బావా, నువ్వు తీశావా?"

"నేదు. డబ్బులు సేతిలోనే ఉన్నాయి. నీకు తెల్దా?"

"నాకు తెలుసు. వాళ్ళకి తెలీదు. ఉండగలవో లేవో నువ్వే చూసుకో, నేను చెప్పలేను. ఉండగలిగితే మాత్రం ఇప్పుడు నాతో అన్నదే అక్కడా అను."

చెల్లెలు ఫోను దగ్గరికి వంగి, "ఇదిగో, నాను ఉంటాను. ఎన్ని నెల్లయినా ఉంటాను. నువ్వుండు," అంది. అది విన్నాడో లేదో. లైను పోయింది.

ఆ రోజు సాయంత్రం ఆరున్నరకి మేం ముగ్గురం ఆఫీసులో కూర్చున్నాం. చేసే పనేమీ లేదు. మేడం ఒకే కాగితం నాలుగుసార్లు చదివింది. ఎనిమిదికి ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళాం. మర్నాడు తెల్లవారి ఫోను వచ్చింది. ఈసారి చెల్లెలే ముందు నొక్కింది.

"నేదన్నాను," అన్నాడు బావ.

తరవాత ఇంటికి వచ్చాక ఆ కోర్టు గురించి చెప్పాడు. ఇరవై మందిని కాళ్ళకి గొలుసులు వేసి ఒకే బల్ల మీద కూర్చోబెట్టారట. గవర్నమెంటు వకీలు ఒక్కొక్కరి దగ్గరా వంగి చెవిలో ఒకటే మాట చెప్పుకుంటూ వెళ్ళాడట. వాళ్ళు ఒక్కొక్కరే లేచి అదే మాట అనేసి కూర్చున్నారు. బావ కింద మంచం ముసలాయన కూడా అనేశాడు. చేశాడో లేదో ఎవరూ అడగలేదు. ఏడాదిగా ఉన్నాడు, ఇంటికి వెళ్ళాలి, అంతే.

"నువ్వే గురుతొచ్చినావు బావా," అన్నాడు. "అక్కడా నీలాంటోడే ఒకడున్నాడు."

వేళాకోళానికే అన్నాడు. నేను నవ్వాను కూడా. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బావ లేదనేసరికి ఆ వకీలు మొదటిసారి తలెత్తి మొహం చూశాడట. కొట్టు కెమెరా బొమ్మలు తెప్పించమని అడగడానికి రెండు వారాలు, అవి రావడానికి నాలుగు, వాటిని చూడ్డానికి ఒకటి. ఏడు వారాలు. అందులో బావ ఉన్నాడు, చేతిలో నోట్లు ఆడిస్తూ, మిషనుతో ఏదో మాట్లాడుతూ, కాపలావాడి వైపు దారి అడిగే మనిషిలా నడుస్తూ. కేసు ఎత్తేశారు. ఓడ తప్పిన నావికుణ్ణి ఊళ్ళో వదలరట, విమానం మెట్ల దాకా ఇద్దరు కాపలా వచ్చి ఎక్కించారు.

ఆ ఏడు వారాలూ మా హెడ్డు కానిస్టేబులు నన్ను వదిలిపెట్టలేదు. నేను వరండాలో కనబడితే చాలు, పదిమంది ముందు, "గుమాస్తాగారూ, మీ బావ ఒప్పేసుకున్నాడా, ఇంకా జైలుకూడే బాగున్నాదంటన్నాడా?" అనేవాడు. "నా మాట ఇనుంటే ఈ పాటికి ఇంట్లో పులుసు తాగుతుండును." వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ మాట మొదట అన్నది నేనే కనుక నాకు వేరే హక్కు లేదు.

బావ వచ్చాక రెండు నెలలు, జైల్లో కూడు పెట్టే వేళకి, సాయంత్రం నాలుగున్నరకే కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. ఏడు నిమిషాల్లో తినేసేవాడు. మా చెల్లెలు ఏమీ అనకుండా నాలుగున్నరకే వండేది. కానాగంతలు నేనే పట్టుకెళ్ళేవాణ్ణి. ఈ మధ్యే మళ్ళీ ఓడెక్కాడు. ఈసారి గుడ్డ సంచీ ఇంట్లోనే వదిలేశాడు.

అతను ఓడెక్కిన వారమే, శుక్రవారం, హెడ్డు పదకొండు మందిని తెచ్చాడు. నేను మామూలుగానే వరసలో నిలబెట్టాను. కానీ చెవి దగ్గర వంగి మామూలు మాట చెప్పలేదు. "నువ్వు చేశావా?" అని అడిగాను. మొదటివాడు చేశానన్నాడు. రెండోవాడు కూడా. మూడో మనిషి బీచి రోడ్డులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకునే ఆమె. రోడ్డుకి అడ్డంగా బండి పెట్టిందని కేసు.

"నేదు బావూ. ఆ రోజు నా బండి సెక్రం ఇరిగిపోయి బాగుసేసినోడి కాడ ఉన్నాది. అడిగితే ఆడే సెప్తాడు. అయితే ఏటి, ఒప్పుకుంటన్నానండీ అనీమంటావు, అంతే గదా?"

"వద్దమ్మా. ఇప్పుడు నాతో అన్నదే అక్కడా అను. వాయిదాలు పడితే మా మేడం చూసుకుంటుంది. నీ దగ్గర పైసా తీసుకోం."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. అయినా అంది. కోర్టు హాల్లో ఎంత నిశ్శబ్దం అయిపోయిందంటే పంకా తిరుగుతున్నట్టు ఆ రోజే నాకు తెలిసింది. జడ్జిగారు తలెత్తి ఆమె మొహం చూశారు. తరవాత హెడ్డు మొహం చూశారు. ఏ రోజు, ఏ టైము, ఎవరు చూశారు అని అడిగారు. హెడ్డు కాగితాలు తిరగేశాడు. వాయిదా పడింది, సాక్షిగా హెడ్డు హాజరు కావాలని.

రెండు వాయిదాలకి ఆయన వచ్చి వరండాలో ఎండలో నిలబడ్డాడు. ఏదో బందోబస్తు డ్యూటీ మానుకుని వచ్చాడని తెలిసింది. బండి బాగుచేసేవాడూ వచ్చి చెప్పాల్సింది చెప్పాడు. మూడో వాయిదా ఎప్పుడో ఆయనకి గుర్తులేదు. ఒక ఉదయం నా ఫోనుకి చేశాడు.

"గుమాస్తాగారూ, నానండీ, హెడ్డుని. ఆ శనక్కాయలామె కేసు వాయిదా ఎప్పుడండీ?"

నేను గొంతు సవరించుకున్నాను. ఏడు వారాలు విన్న మిషను గొంతు కనుక బాగానే వచ్చింది.

"ఈ కాలు రికార్డు అవుతున్నది. ఒప్పుకుంటే ఐదు నొక్కండి."

"ఏటిది గుమాస్తాగారూ? నానండీ!"

"ఒప్పుకుంటే ఐదు నొక్కండి."

అటు ఏదో గొణుగుడు వినబడింది. తరవాత, కీ అని చిన్న చప్పుడు. నొక్కాడు.